అమ్మ డాలస్ టికెట్, 14,400 కిలోమీటర్ల లెక్క: మా పాలమూరు ట్రావెల్స్ షాపు రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్త, 5కు 4. ఒక స్టార్ ఎందుకు తగ్గించిన్నో కింద రాసిన. కానీ మహబూబ్‌నగర్, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దిక్కు అమ్మనో నాయిననో మొదటిసారి ఫ్లైట్ ఎక్కించేవాళ్లు ఎవరన్నా ఉంటే ఈ షాపుకు ఒక్కసారి పోయి కూసోండి, టికెట్ ఇక్కడ కొన్నా కొనకపోయినా ఆ అరగంట మాత్రం కూసోని రండి.

మాది జడ్చర్ల పక్కన పల్లె. అక్క, బావ అమెరికాల డాలస్ దగ్గర ఫ్రిస్కోల ఉంటరు. జూన్ల అక్కకు డెలివరీ, అమ్మ పోక తప్పదు, నాకు వెంబడి పోయే వీలు లేదు. అమ్మకు 61 ఏండ్లు, షుగర్ ఉన్నది, మోకాళ్లు నొస్తయి, ఇంగ్లీషు రాదు, హిందీ మాత్రం కొంచెం వస్తది ఎందుకంటే చిన్నప్పుడు తాతవాళ్లు పనికి బొంబాయి పోయినప్పుడు రెండు మూడేండ్లు అక్కడ్నే ఉన్నది. మా పాలమూరోళ్లకు దూరం అంటే బొంబాయే కదా, మధ్యాహ్నం బస్సు ఎక్కితే తెల్లారి దిగుడు, దానికంటే దూరం ఊరు అమ్మకు ఎరుకలేదు. డాలస్ ఎంత దూరం బిడ్డా అని అడిగితే నేను నెట్ల కొట్టి చూసిన.

నెట్ల ఏం వస్తదంటే హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లు, ఫ్లైట్ టైం 16 గంటల పైన అని వస్తది. సరే 16 గంటలంటే బొంబాయి బస్సంత అనుకొని అమ్మకు అదే చెప్పిన, అది తప్పు. ఆ నంబర్ ఎట్ల వస్తదంటే రెండు ఊర్ల మధ్య భూమి మీద అన్నిటికన్నా దగ్గరి గీత కొలిచి దాన్ని విమానం స్పీడు గంటకు 900 కిలోమీటర్ల లెక్కన భాగిస్తరు, అంతే. అట్ల సీదా పోయే విమానం మన శంషాబాద్ నుంచి డాలస్‌కు లేనే లేదు. అమెరికాకు ఒకటి ఉండె, 2021 జనవరిల ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, వారానికి ఒక్కటి, తర్వాత అది కూడా ఆగిపోయింది. అంటే ఇప్పుడు మన దగ్గర్నుంచి ఎవరు పోయినా మధ్యల ఎక్కడో ఒక దగ్గర దిగి మళ్ల ఎక్కాల్సిందే, ఆ మధ్యల దిగుడే పెద్దోళ్లకు అసలు కష్టం, నెట్ల లెక్కల అది కనపడనే కనపడది.

మధ్యల దిగుడు ఎంత పని చేస్తదో మా ఇంట్ల ముందే తెలుసు. రెండేండ్ల కింద మా చిన్నాయన చికాగో పోతుంటే టికెట్ నేనే ఫోన్ల ఒక సైట్ల తీసిన, మిగతావాటికంటే 20 వేలు తక్కువ ఉన్నది, టోటల్ టైం కూడా తక్కువ చూపిస్తున్నది, ఇంకేం గావాలె అనుకున్న. కింద చిన్న అక్షరాలల్ల సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని ఉన్నది నేను చూడలే. దానికి అర్థం ఏందంటే అది ఒక టికెట్ గాదు, రెండు వేరే వేరే టికెట్లు, రెండు పీఎన్ఆర్లు, మధ్యల ఎయిర్‌పోర్టుల నువ్వే బయటికి వచ్చి సామాను తీసుకొని మళ్ల చెకిన్ చేసుకోవాలె, బయటికి రావాలంటే ఆ దేశం వీసా ఉండాలె. చిన్నాయనకు ఆ వీసా లేదు, టైం గంటా ఇరవై నిమిషాలే, మొదటి ఫ్లైట్ 40 నిమిషాలు లేటు. రెండో ఫ్లైట్ పోయింది, రెండూ వేరే టికెట్లు కాబట్టి మాకు సంబంధం లేదన్నరు. 58 ఏండ్ల మనిషి ఒక రాత్రి ఒక పగలు ఎయిర్‌పోర్టు కుర్చీల మీద పండుకున్నడు, కొత్త టికెట్‌కు 70 వేలు పెట్టినం. ఆయన నన్ను ఒక్క మాట అనలే, కానీ ఆ రాత్రి ఫోన్ల ఆయన గొంతు నాకు ఇప్పటికీ చెవుల్ల ఉన్నది. అందుకే అమ్మ టికెట్‌కు నేను సైట్ ముట్టుకోలే.

షాపు మహబూబ్‌నగర్ల న్యూటౌన్ దిక్కు, కింద మొబైల్ షాపు, పైన మొదటి అంతస్తుల ఇది. రెండు టేబుళ్లు, ఒక ప్రింటర్, గోడకు ఉమ్రా ప్యాకేజీల పోస్టర్లు, ఒక పాత గ్లోబు. నడిపే సార్ పదకొండేండ్లు సౌదీల పనిచేసి వచ్చినాయన, అక్కడ ఉన్నప్పుడు ఎంతమందిని ఎయిర్‌పోర్టులకు దింపిండో ఎంతమందిని తెచ్చిండో, ప్రయాణం అంటే ఏందో మనిషి దిక్కు నుంచి ఎరుక ఉన్నోడు. నేను అమ్మను కూడా తీసుకపోయిన. పోయి కూసోంగనే డేట్ ఎప్పుడు, బడ్జెట్ ఎంత అని అడుగుతడు అనుకుంటే ఆయన నాతోని కాకుండా అమ్మతోని మాట్లాడిండు. అమ్మా షుగర్ ఉన్నదా, గోలీలా సూదులా, ఎన్ని మెట్లు ఎక్కగలుగుతవు, బాత్రూంకు ఎన్నిసార్లు పోవాల్సొస్తది, అన్నీ అడిగి ఒక కాగితం మీద రాసుకున్నడు.

అప్పుడు అమ్మ తన మనసుల మాట అడిగింది. పక్కింటి ఆమె చెప్పిందట, వాళ్ల కోడలు రాత్రి 10కి ఎక్కి పొద్దున పదిన్నరకు డాలస్ల దిగిందని. "బొంబాయి బస్సుకన్న జల్దినే పోతదంట కదా సారూ" అన్నది. నేను చెప్పబోతుంటే సార్ ఆగమని చెయ్యి చూపించి గ్లోబు ముందుకు జరిపిండు.

గ్లోబు మీద హైదరాబాద్ అని చిన్న అక్షరాలు, అమ్మకు కనపడలే. అమ్మ పర్సుల నుంచి బొట్టుబిళ్లల పాకెట్ తీసింది, సార్ ఒక బిళ్ల హైదరాబాద్ మీద, ఇంకోటి డాలస్ మీద అంటించిండు. డ్రాయర్ల నుంచి దారం తీసి ఈ బిళ్ల మీద ఒక కొస పెట్టి పట్టుకోమన్నడు అమ్మను, ఇంకో కొస ఆయన డాలస్ మీద పెట్టి గట్టిగ గుంజిండు. దారం పక్కకు పోతదని అనుకుంటం కదా, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదికెళ్లి, మన స్కూలు మ్యాపుల అట్లనే అనిపిస్తది. పోలే. దారం సీదా పైకి పోయింది, రష్యా దాటి ఉత్తర ధ్రువం పక్కనుంచి అటు కెనడాకు దిగి డాలస్‌కు వచ్చింది. ఎందుకంటే మనకు డాలస్ దాదాపు భూమికి సరిగ్గ అవతలి దిక్కు ఉన్నది, రేఖాంశాల తేడా 175 డిగ్రీలు, గుండ్రటి వస్తువు మీద అవతలికి పోవాలంటే పక్కనుంచి తిరిగొచ్చుడుకన్నా నెత్తి మీదికెళ్లి పోవుడే దగ్గర. మ్యాపుల వంకరగ కనపడే గీత గ్లోబు మీద సీదా, మ్యాపుల సీదా కనపడే గీత గ్లోబు మీద వంకర. నేను డిగ్రీ చదివిన, ఈ ముచ్చట ఇంత సాఫ్‌గ ఎన్నడు అర్థం కాలే నాకు.

దారం స్కేలు మీద పెడితే ముప్పైనాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది. 12 అంగుళాల గ్లోబు, భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు, అంటే సెంటీమీటరుకు 420 దాకా, గుణిస్తే నెట్ల చూపిచ్చిన 14,400కు దగ్గర్నే వచ్చింది. తర్వాత అదే దారం దుబాయ్ మీదికెళ్లి తిప్పి కొలిచిండు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 6 సెంటీమీటర్లు, అక్కడ్నుంచి డాలస్ 31, మొత్తం 37. అంటే దుబాయ్‌ల దిగి పోతే చుట్టు తిరుగుడు వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. అసలు లెక్క హైదరాబాద్ దుబాయ్ 2,550, దుబాయ్ డాలస్ 12,900, మొత్తం 15,450 దాకా. బొంబాయి రోడ్డు మీద మాకు దాదాపు 700, అమ్మకు అట్ల చెప్పిండు, ఇరవై రెండు బొంబాయిలమ్మా, మధ్యల ఒక్కసారే దిగుడు అని. అమ్మ దారం చేతుల పట్టుకొని చానసేపు చూసింది, "గంత దూరం ఇచ్చిన్నా బిడ్డను" అన్నది. సార్ ఏమనలే, మంచినీళ్లు తెప్పిచ్చిండు.

రాత్రి 10కి ఎక్కి పొద్దున పదిన్నరకు దిగుడు అన్న మాట కూడా ఆయన అబద్ధం అనలే, అది నిజమే, కానీ రెండు గడియారాలవి. కాగితం మీద ఒక పొడుగు గీత గీసి ముక్కలు చేసిండు. హైదరాబాద్ల 10కి ఎక్కితే దుబాయ్ 4 గంటలు, అక్కడ 3 గంటలు కూసునుడు, అక్కడ్నుంచి డాలస్ 16 గంటలు, మొత్తం 23. మన టైం ప్రకారం తెల్లారి రాత్రి 9 అయితది దిగేసరికి, ఎండకాలం డాలస్ గడియారం మనకన్నా పదిన్నర గంటలు ఎనక ఉంటది కాబట్టి అక్కడ పొద్దున పదిన్నర. చలికాలం అయితే తేడా పదకొండున్నర, వాళ్లు మార్చిల రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతరు, నవంబర్ మొదటి ఆదివారం ఎనకకు జరుపుతరు. ఆ గీత కింద ఎక్కడ తినాలె, ఎక్కడ లేచి నడవాలె, ఎక్కడ గోలీ అని గుర్తులు పెట్టిండు. గోలీల సంగతి మాత్రం నన్ను అడగొద్దు మీ డాక్టర్ దగ్గరికి ఈ కాగితమే తీసుకపోండి అన్నడు, మేము తీసుకపోయినం, డాక్టర్ అదే గీత మీద మన టైం లెక్కన ఎప్పుడేది వేసుకోవాలెనో రాసిచ్చిండు. ఆ కాగితం అమ్మ హ్యాండ్‌బ్యాగుల పాస్‌పోర్టు కవర్లనే పెట్టుకొని పోయింది.

నేను 23 అనుకుంటే సార్ అది కూడా చాలదన్నడు, ఇంటి గడప నుంచి గడపకు లెక్క కట్టుకోండి అన్నడు. మాకు శంషాబాద్ నయం, సిటీ అవతలి వాళ్లలెక్క కాదు, జడ్చర్ల నుంచి 44 హైవే మీద రాయికల్ టోల్, షాద్‌నగర్ దాటితే వచ్చినట్టే. అయినా 3 గంటల ముందు ఉండాలె, సాయంత్రం 5కు బయల్దేరాలె. అటు దిక్కు ఇమిగ్రేషన్ లైను, సామాను, కారు ప్రయాణం ఇంకో రెండు మూడు గంటలు. మొత్తం 31 గంటలు అనుకోండి, మనిషి శరీరం 31 గంటలకు రెడీ కావాలె, నెట్ల చూపిచ్చే 16 గంటలు పక్షికి అన్నడు.

టికెట్లు మూడు చూపిచ్చిండు. ఒకటి 96 వేలు, రెండు దగ్గర్ల దిగుడు, 34 గంటలు. ఒకటి న్యూయార్క్ మీదికెళ్లి. మూడోది దుబాయ్ నుంచి సీదా డాలస్, రెండు దిక్కులకు 1,18,000. న్యూయార్క్ ఎందుకు వద్దన్నడంటే అమెరికాల మొదలు ఏ ఊర్ల దిగుతమో అక్కడ్నే ఇమిగ్రేషన్, అక్కడ్నే పెట్టెలు బెల్టు మీదికెళ్లి గుంజుకొని కస్టమ్స్ దాటి మళ్ల ఇంకో విమానానికి అప్పజెప్పాలె, ఇంగ్లీషు రాని పెద్దమనిషి ఒక్కతి 23 కిలోల పెట్టెలు రెండు ఎట్ల గుంజుతది. డాలస్ల దిగితే అదే చివర, బయట బిడ్డ నిలబడి ఉంటది. 22 వేలు ఎక్కువ అయినా అదే తీసుకున్నం. దుబాయ్‌ల గంటన్నర ఆగేది కూడా ఉన్నది, అది కాదని 3 గంటలది తీసిండు, వీల్‌చెయిర్ల పోయేవాళ్లకు దించుకొని పోయేసరికే అరగంట అయితదని. వీల్‌చెయిర్ బుకింగ్ అప్పుడే పెట్టిండు, దానికి పైసలు ఉండయి, చానమంది తెలువక అడగరు. నడిచే సందు పక్క సీటు ఇప్పిచ్చిండు లేచి నడిచేటందుకు.

సామాను సంగతి కూడా. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టొద్దు అమ్మా అని ముందే చెప్పిండు, మాంసంవి అమెరికాల దిగినంక తీసేస్తరు, తిండి ఏమున్నా ఫారంల అడిగితే ఉన్నదని చెప్పాలె, దాచొద్దు. అమ్మ మామిడికాయ తొక్కు, సకినాలు, పల్లీల పొడి పెట్టుకున్నది, అన్నీ సక్కగ చేరినయి.

ప్రయాణం సంగతి అమ్మ చెప్పిందే రాస్తున్న. దుబాయ్ దాకా నిద్ర పట్టలే, దుబాయ్‌ల వీల్‌చెయిర్ పిలగాడు హిందీ మాట్లాడిండు కాబట్టి భయం పోయింది. రెండో విమానంల ముందు స్క్రీన్ మీద మ్యాపు పెట్టుకొని కూసున్నది, సినిమాలు ఏం చూడలే, 16 గంటలు మ్యాపే చూసింది, దారం పోయినట్టే పోతున్నదా లేదా అని. దుబాయ్ నుంచి డాలస్ దారి ధ్రువం దాకా పోదు, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దిక్కునుంచి పోతది. అక్కడ లేచి వెనక తలుపు దగ్గర నిలబడి కిటికీల చూసిందట, కింద తెల్లగ ఉప్పు మడులలెక్క ఉన్నదట. సూర్యుడు పొడిచినోడు పొడిచినట్టే ఉన్నడు, గంటలు గంటలు అయినా పైకి ఎక్కడు, పొద్దు ఆగిపోయిందా కొడుకా అని ఫోన్ల అడిగింది. నేను షాపుకు ఫోన్ చేసి అడిగి మరీ చెప్పిన. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు 1,670 కిలోమీటర్ల స్పీడుతోని తిరుగుతది, అంత ఉత్తరాన 650 దాకనే, విమానం పడమరకు 900తోని పోతది, అంటే పొద్దుకన్నా విమానమే ఉరుకుతున్నది, అందుకే పొద్దు ఎక్కదు.

వచ్చేటప్పుడు టైం తక్కువ పట్టింది. అక్టోబర్ ఆఖరుకు వచ్చింది, డాలస్ నుంచి దుబాయ్ పద్నాలుగున్నర గంటలు, దుబాయ్ నుంచి మనకు మూడుంబావు. అదే దూరం, మొత్తం రెండుంబావు గంటల తేడా. పది పదకొండు కిలోమీటర్ల ఎత్తుల పడమర నుంచి తూర్పుకు పెద్ద గాలి నడుస్తది, జెట్ స్ట్రీమ్ అంటరు, ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతది, పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు ఎనక నుంచి నూకుతది. ఇది కూడా సార్ ముందే కాగితం మీద బాణం గుర్తు వేసి పెట్టిండు. ఆదివారం మధ్యాహ్నం 12కు అక్కడ ఎక్కింది, సోమవారం రాత్రి ఎనిమిదింబావుకు శంషాబాద్ల దిగింది, మేము 9న్నరకు బయట చూసినం.

ఇగ ఆ ఒక స్టార్. పోయేటప్పుడు శాకాహారం భోజనం పెట్టిచ్చిండు, వచ్చేటప్పటికి పెట్టుడు మరిచిపోయిండు. అమ్మ ఆ పద్నాలుగున్నర గంటలు బ్రెడ్డు, పండ్లు, అక్క కట్టిచ్చిన చపాతీల మీద ఉన్నది, షుగర్ మనిషికి ఇది చిన్న ముచ్చట గాదు. నేను అడిగితే తప్పు నాదే అన్నడు, సాకులు చెప్పలే, కానీ తప్పు తప్పే. రెండు దిక్కుల టికెట్ తీసుకున్నప్పుడు రెండు దిక్కుల భోజనం, వీల్‌చెయిర్ కాగితం మీద ఉన్నయో లేదో మీరే చూసుకోండి. ఇంకోటి, ఫోన్ సక్కగ ఎత్తరు, శనివారం అయితే అసలే ఎత్తరు, వాట్సాప్ పెడితే సాయంత్రానికి జవాబు వస్తది. వచ్చేటప్పటి ఫ్లైట్ టైం 50 నిమిషాలు మారితే మాకు మూడు రోజుల తర్వాత చెప్పిన్రు, అప్పటికే అక్క ఎయిర్‌లైన్ మెసేజ్‌ల చూసుకున్నది. లిఫ్ట్ లేదు, మెట్లు 18 ఉన్నయి కొంచెం నిట్టనిలువుగ, మోకాళ్ల నొప్పులున్నోళ్లు కిందనుంచి ఫోన్ చేస్తే ఆయనే దిగొచ్చి మొబైల్ షాపుల కూసుండి మాట్లాడుతడు, కానీ అప్పుడు గ్లోబు కిందికి రాదు కదా, తెమ్మని అడగండి.

సర్వీస్ ఛార్జి వెయ్యి తీసుకున్నడు, రసీదు అడిగితే ఇచ్చిండు. పొద్దున పదకొండు నుంచి రాత్రి 8 దాకా ఉంటరు, శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ టైంల రెండు గంటలు బంద్. పాస్‌పోర్టు జిరాక్స్, గోలీల చీటి వెంట తీసుకపోండి, మంగళవారమో బుధవారమో పొద్దున పూట పోతే రద్దీ ఉండదు, తీరికగ మాట్లాడుతడు. మొన్న పిన్ని వాళ్ల టికెట్‌కు పోయినప్పుడు చూసిన, గ్లోబు మీద అమ్మ బొట్టుబిళ్లలు రెండూ అట్లనే ఉన్నయి, సిడ్నీ దగ్గర ఇంకో పచ్చ బిళ్ల కొత్తగ వచ్చింది.